రూతమ్మ అర్జీలో నేను కొట్టేసినవి

2022 వేసవి. కర్నూలులో ఒక ప్రభుత్వ ఆఫీసు. ఏ ఆఫీసో పేరు చెప్పను. చెప్తే ఆఫీసుకు పోయేదేమీ లేదు, పోయేది నా ఉద్యోగమే. నేను ఇంకా అక్కడే పనిచేస్తున్నాను.

నా పేరు మహబూబ్ బాషా అనుకోండి. పని కంప్యూటర్ ఆపరేటర్. పర్మినెంటు కాదు, అవుట్‌సోర్సింగ్. ప్రతి సోమవారం మా ఆఫీసులో గ్రీవెన్స్ జరుగుతుంది, అంటే జనం తమ కష్టాలు రాసుకొచ్చి అధికారులకు ఇచ్చుకునే రోజు. పొద్దున తొమ్మిదికల్లా వరండా నిండిపోతుంది. ఓర్వకల్లు నుంచి, ఇంకా లోపలి పల్లెల నుంచి తొలి బస్సు పట్టుకొని వస్తారు. వాళ్ళు నేరుగా పెద్దసారు దగ్గరికి పోతామనుకుంటారు. ముందు నా కౌంటర్ దాటాలి. అర్జీని కంప్యూటర్లో ఎక్కించి, నంబరు వేసి, రసీదు ఇచ్చేది నేను.

ఆ ఎక్కించడంలో ఒక గడి ఉంటుంది. దాన్ని గిస్ట్ అంటాం, అర్జీ సారాంశం. గడిలో రెండొందల యాభై అక్షరాలకు మించి పట్టవు. అదీ మన లెక్క కాదు, కంప్యూటరు లెక్క. గుణింతాలు, ఒత్తులు అన్నీ అది విడివిడిగా లెక్కపెట్టుకుంటుంది. మనం రెండక్షరాల్లో రాసే ‘లక్ష్మి’ దానికి ఏడు. అంటే నాలుగు పేజీల మనిషి బాధను రెండు వాక్యాల్లో కుదించాలి. ఆ రెండు వాక్యాలే సంబంధిత శాఖ లాగిన్‌కు పోతాయి. అక్కడి అధికారి తన ఫోన్లోనో కంప్యూటర్లోనో చూసేది వాటినే. అసలు కాగితం కూడా జత చేస్తాం. జత చేస్తాం అన్నానే గానీ, సర్వరు మొరాయించే రోజుల్లో మొదటి పేజీ మాత్రమే స్కాన్ అవుతుంది. ఆ మొదటి పేజీ తెరిచి చూసిన అధికారిని నా సర్వీసులో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఈ కుదింపు పనిలో నన్ను మించినవాడు లేడని నాకు గర్వం ఉండేది. ఉండాల్సినంత కారణమూ ఉంది. అర్జీలు ఎలా వస్తాయో చూడని వాళ్ళకు చెప్తే నమ్మరు. ‘మహారాజశ్రీ గౌరవనీయులైన అధికారి గారి దివ్యసముఖమునకు, నమస్కరించి వ్రాసుకొను విన్నపము ఏమనగా’ అని మొదలవుతుంది. ఆ ఏమనగా తర్వాత వాళ్ళ తాత బావి తవ్వించిన సంగతి, ఆ బావిలో నీళ్ళు తియ్యగా ఉండేవన్న సంగతి, దాయాదుల గొడవ, ఎద్దు చచ్చిపోవడం, అన్నీ ఒకదాని వెంట ఒకటి నడుస్తాయి. అసలు విషయం నాలుగో పేజీ అడుగున, సంతకానికి పైన ఇరుక్కొని ఉంటుంది. ఒకసారి ఒక రైతు అలాంటివే ఐదు పేజీలు ఇచ్చాడు. నేను రాసింది ఇంతే: ‘బోరుకు కరెంటు కనెక్షన్ ఇవ్వలేదు. ఇప్పించాలి.’ పదిహేను రోజుల్లో కనెక్షన్ వచ్చింది. ఆ రైతు నాకు సీతాఫలాలు తెచ్చిచ్చాడు. తాత బావి గురించి రాసి ఉంటే వచ్చేదా? రాదు. ఆ మాట ఇప్పటికీ అంటాను.

మా సూపరింటెండెంటుకు నేనంటే ప్రాణం. మిగతా ఆపరేటర్ల ముందే నా వీపు తట్టేవాడు.

“బాషా, నువ్వు రాసిన గిస్ట్ ఉంటే కాగితం తెరిచే పనే ఉండదప్పా.”

దాన్ని మెప్పుగానే తీసుకున్నాను. కాగితం తెరవకుండా చేయడంలో నా వంతు ఎంతో అప్పట్లో నాకు అర్థం కాలేదు.

ఆ మెప్పుతోనే నాకు మండలాల ఆపరేటర్లకు ట్రైనింగ్ ఇచ్చే పని కూడా అప్పగించారు. ఒక కాగితం మీద మూడు ప్రశ్నలు పెద్ద అక్షరాలతో ప్రింటు తీసి గోడకు అంటించాను. ఎవరు? ఏ శాఖ? ఏం కావాలి? ఈ మూడింటికి జవాబు దొరికితే గిస్ట్ అయిపోయినట్టే. ట్రైనింగులో ఒక అమ్మాయి లేచి అడిగింది, “సార్, ఎందుకు కావాలో రాయొద్దా?” అని. నేను నవ్వాను. “ఎందుకు అనేదే మన కొంప ముంచేది. జనం రాసేదంతా ఎందుకే. శాఖకు కావాల్సింది కోరిక, కారణం కాదు. అది కొట్టేయండి, సగం బరువు దిగిపోతుంది” అన్నాను. అందరూ రాసుకున్నారు. ఆ అమ్మాయి కూడా రాసుకుంది.

ఆ వేసవిలో ఒక సోమవారం రూతమ్మ వచ్చింది. యాభై దాటిన మనిషి. ఓర్వకల్లు పక్కన బండరాళ్ళ గుట్టల కింద ఉండే ఒక పల్లె. ఎండకు వడిలిపోయిన ముఖం, చేతిలో మడత నలగని నాలుగు తెల్లకాగితాలు. తోడు ఎవరూ లేరు.

“సారూ, ఇది మా అయ్యగారు రాసిచ్చినాడు. చర్చి అయ్యగారు” అంది కాగితాలు కౌంటర్ మీద పెడుతూ.

“ఏం సమస్యమ్మా?”

“చెప్తా సారూ. మాది ఎకరన్నర చేను. రోడ్డుకని తీసుకున్యారు. దానికి దుడ్లిచ్చినారు, మేము కాదనలే. ఆ మాట కాదు నేను చెప్పేది.”

“మరి ఏం కావాల?”

“చెప్తాండా కదా సారూ. మా ఆయన పేరు దేవదానం. కరోనా మొదట వచ్చినప్పుడు…”

నేను ఆమె భుజం మీదుగా వరుస చూశాను. వరండా దాటి మెట్ల దాకా ఉంది. ఫ్యాన్ తిరుగుతోంది గానీ దాని గాలి నాదాకా రావడం లేదు. కరోనాతో మొదలైన అర్జీ ఎంత దూరం పోతుందో నాకు తెలుసు. ఆ రెండేళ్ళలో అలాంటివి ఎన్నో విన్నాను.

“అమ్మా, నీ ఎనక ఎంతమంది ఉండారో చూడు. నీకేం కావాలో ఒక్క మాటలో చెప్పు” అన్నాను.

“ఒక్క మాటలో యాడొస్తాది సారూ.”

నేను కాగితాలు తిప్పాను. అయ్యగారి చేతిరాత గుండ్రంగా, శుభ్రంగా ఉంది. మొదటి పేజీ నిండా దేవుని నామమున వందనములు, చేను సర్వే నంబరు, సేకరణ వివరాలు. రెండో పేజీలో ‘నా భర్త సమాధి’ అన్న మాట నా కంట్లో పడింది. పడలేదని చెప్పడానికి లేదు. పడింది. నా బుర్ర దాన్ని వెంటనే ఒక అరలో వేసింది, కారణం అని. నాలుగో పేజీ అడుగున నాకు కావాల్సింది దొరికింది.

“చేను అప్పజెప్పేదానికి నెల దినాలు టైము కావాల. అంతే కదా?”

“అంతే సారూ. నెల చాలు. ఎందుకంటే…”

“ఎందుకనేది కాగితంలో ఉండాది కదా?”

“ఉండాది.”

“అయితే చాలమ్మా.”

టైపు చేశాను. నిమిషం పట్టలేదు. ఆమె కదలలేదు. “ఏం రాసినావో ఒకతూరి సదువు సారూ” అంది. చదువు రానివాళ్ళు చాలామంది అలా అడగరు. రసీదు చేతిలో పడితే చాలు, దండం పెట్టి వెళ్ళిపోతారు. ఆమె అడిగింది. నేను చదివి వినిపించాను: ‘రోడ్డు కోసం సేకరించిన భూమికి పరిహారం అందింది. భూమి అప్పగించేందుకు నెల రోజుల గడువు కోరుతున్నారు.’

ఆమె కాసేపు ఆలోచించింది.

“మా ఆయన మాట లేదే సారూ.”

“నీ కాగితం దీనికి జత చేస్తామమ్మా. పెద్దసార్లు అంతా సదువుతారు.”

ఆ మాట అన్నప్పుడు అది నిజం కాదని నాకు తెలుసు. కానీ అది నేను రోజూ అనే మాట. రోజూ అనే మాట అబద్ధమని అనిపించదు. ఆమె నన్ను నమ్మింది. రసీదు తీసుకొని రవికెలో దోపుకొని, “శానా మేలు సారూ” అని వెళ్ళిపోయింది.

తర్వాత ఏం జరిగిందో మా కంప్యూటర్లో తేదీలతో సహా ఉంది. అర్జీ సంబంధిత శాఖకు పోయింది. ఐదో రోజుకు జవాబు వచ్చింది: ‘పరిహారం ఇదివరకే చెల్లించడమైనది. పనులు ప్రారంభమైనందున గడువు ఇచ్చుటకు వీలుకాదు. అర్జీ పరిష్కరించబడినది.’ ఆ జవాబు రాసిన అధికారిని నేను తప్పుపట్టను. నష్టపరిహారం తీసుకొని, భూమి ఇవ్వకుండా, కారణం కూడా చెప్పకుండా గడువు అడిగిన మనిషికి ఎవరైనా అదే రాస్తారు. నేనైనా అదే రాసేవాణ్ణి.

ఆ జవాబు కూడా పూర్తిగా ఆమెకు చేరలేదు. అర్జీదారు ఫోనుకు పోయే మెసేజీలో నంబరు, ‘మీ అర్జీ పరిష్కారమైనది’ అన్న ఒక్క ముక్క మాత్రమే ఉంటాయి. వివరాలు కావాలంటే ఆఫీసుకు రావాలి. రూతమ్మ ఆ ఫోనును ఊళ్ళో చిల్లర అంగడి ఆయనకు చూపించింది. ఆయన చదివి, “నీ పని అయిపోయిందంట” అన్నాడు. నెల రోజులు దొరికాయని ఆమె నిశ్చింతగా ఆత్మకూరులో కూతురి ఇంటికి వెళ్ళింది. అల్లుడు, కొడుకు ఇద్దరూ ఒకే ఆదివారం రావడానికి రోజు కుదుర్చుకోవడానికే ఆమె వెళ్ళింది.

మూడు వారాల తర్వాత ఒక బుధవారం ఆమె మళ్ళీ మా ఆఫీసుకు వచ్చింది. బుధవారం వరండా ఖాళీగా ఉంటుంది. ఆమె నేరుగా నా కౌంటర్ దగ్గరికి వచ్చి నిలబడింది. అరవలేదు, ఏడవలేదు. రసీదు తీసి నా ముందు పెట్టింది.

“సారూ, నెల ఇచ్చినామని మీరు మెసేజి పెడితిరి కదా. మరి మా చేను చదును చేసేదానికి మిషను యాల వచ్చినాది?”

నాకు ముందు అర్థం కాలేదు. జవాబు తెరిచి చదివాను. ఆమె వింది.

“ఇయ్యమని రాసినారా?”

“అవునమ్మా.”

“సమాధి ఉండాదని చెప్పినా ఇయ్యమన్యారా?”

అప్పుడు, మొదటిసారి, ఆ నాలుగు పేజీలు బీరువాలోంచి తీసి మొత్తం చదివాను. ఆమె నా ఎదురుగానే నిలబడి ఉంది.

దేవదానం కరోనా మొదటి ఏడాది కర్నూలు ఆస్పత్రిలో పోయాడు. శవాన్ని ప్లాస్టిక్ సంచీలో చుట్టి అంబులెన్సులో ఊరికి పంపారు. ఊరి వాళ్ళు చర్చి సమాధుల తోటలోకి రానివ్వలేదు. ఎవరినీ తప్పుపట్టే రాత కాదు అది. ‘భయము చేత’ అని ఒక్క మాట రాసి ఊరుకున్నారు అయ్యగారు. అందుకని తమ చేనులోనే, ఈశాన్యం మూల, గుంత తీసి పూడ్చారు. తర్వాత రూతమ్మ ఒక కడప బండ కొని దాని మీద ఆయన పేరు రాయించి నిలబెట్టింది. ప్రతి ఈస్టర్ తెల్లవారుజామున ఊళ్ళో వాళ్ళంతా సమాధుల తోటలో తమ వాళ్ళ దగ్గర కొవ్వొత్తులు వెలిగిస్తుంటే, ఆమె ఒక్కతే చేనుకు పోయి వెలిగించేది. రోడ్డుకు భూమి కొలతలు తీసుకున్నది ఆయన చావుకు ముందే. అందువల్ల చేనులో ఏమేమి ఉన్నాయో రాసుకున్న జాబితాలో బోరు ఉంది, రెండు వేపచెట్లు ఉన్నాయి, సమాధి లేదు. ఇప్పుడు చర్చి సంఘం పెద్దలు ఒప్పుకున్నారు. ఆయన్ని తోటలోకి తెచ్చి, తల్లిదండ్రుల పక్కన పెట్టుకోవడానికి నెల రోజులు కావాలి. ఇంతే ఆ అర్జీ. అందులో ఎక్కువైన మాటలు, ఇప్పుడు చూస్తే, మొదటి పేజీలోని వందనాలు మాత్రమే.

మరుసటి రోజు సెలవు పెట్టి నా స్కూటర్ మీద ఆ పల్లెకు పోయాను. ఎందుకు పోయానో నాకే తెలియదు. చేయగలిగింది ఏమీ లేదని తెలుసు. బండరాళ్ళ గుట్టలు దాటాక ఎర్రగా చదునైన నేల కనిపించింది. చేను ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలియడం లేదు. రూతమ్మ, ఆమె కొడుకు, అయ్యగారు ముందే వచ్చి ఉన్నారు. రోడ్డు పని చూస్తున్న ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీరు, కడప వైపు కుర్రవాడు. వాళ్ళు చెప్పింది విని తన మిషన్‌ను ఆపి ఒక పూటంతా తవ్వించాడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకు కొంత తేలికగా ఉండేది.

ఈశాన్యం మూల అన్న గుర్తు మీద మూడు చోట్ల తవ్వారు. మట్టి తప్ప ఏమీ రాలేదు. ఆ మూల ఎత్తుగా ఉండటంతో అక్కడి మన్ను తీసి పల్లంలోకి తోలారట. ఎన్ని ట్రాక్టర్లు, ఎక్కడెక్కడికి తోలారో ఎవరికీ ఖచ్చితంగా తెలియదు. గట్టున రాళ్ళ కుప్పలో కడప బండ మాత్రం దొరికింది, రెండు ముక్కలై. రూతమ్మ దాన్ని చేత్తో తుడిచింది. “ఇది నిలబెట్టిన జాగా చెప్తాదేమో అనుకుంటి” అని కొడుకుతో అంది.

ఏఈ నన్ను పక్కకు పిలిచాడు. నేను ఆఫీసు మనిషినని మాత్రమే తెలుసు అతనికి.

“అన్నా, ఈడ సమాధి ఉందని ఒక్క ముక్క రాసుంటే ఆ మూల వదిలిపెట్టి మిగతాది చదును చేసుకునేవాళ్ళం కదా. ఆ మూలలో పోయేది కాలువ మాత్రమే, దాన్ని ఎప్పుడైనా తీసుకోవచ్చు.” ఫోను తీసి నా ముందు పెట్టాడు. “చూడన్నా, మీ ఆఫీసు నుంచి మాకు వచ్చింది ఇది. రెండు లైన్లు. దీన్ని బట్టి నాకేం తెలుస్తాది? ఎవరు రాసినారో గానీ…”

“నేనే రాసినా” అన్నాను.

అతను ఫోను జేబులో పెట్టుకున్నాడు.

నేను కూడా మనిషిని మట్టిలో పెట్టుకునే వాళ్ళలోంచే వచ్చాను. కర్నూలు కబరస్తాన్‌లో మా నాన్న ఉన్నాడు. ప్రతి షబ్-ఎ-బరాత్‌కు పోయి, గడ్డి పీకి, నీళ్ళు చల్లి, పూలు పెట్టి, కాసేపు ఆయన కాళ్ళ వైపు కూర్చొని వస్తాను. ఆ జాగా ఎక్కడో కళ్ళు మూసుకొని చెప్పగలను. రేపు ఎవరైనా దాని మీద మిషన్ తోలుతామంటే నేను ఎన్ని పేజీలు రాస్తానో! అలాంటి నేను ‘సమాధి’ అన్న మాట చూసి, కంటితోనే కొట్టేశాను. చదువు లేని ఆమెకు తెలిసింది ఆ మాట లేకపోతే అర్జీ అర్జీ కాదని. నాకు తెలియలేదు. సిగ్గుగా ఉంది. రాస్తున్నా ఆ సిగ్గు పోవడం లేదు.

ఆ ఆదివారం సమాధుల తోటలో దేవదానం తల్లిదండ్రుల పక్కన ఒక గుంత తీసి, అందులో చేనులోని మట్టి ఒక బుట్టెడు పోసి, అయ్యగారు ప్రార్థన చేశారు. విరిగిన బండను సిమెంటుతో అతికించి నిలబెట్టారు. నన్ను రమ్మని ఎవరూ పిలవలేదు. వెళ్ళలేదు. తర్వాత అయ్యగారి ద్వారా విన్నాను.

సోమవారం నేను మా సూపరింటెండెంటుతో జరిగింది జరిగినట్టు చెప్పాను. అర్జీని రీఓపెన్ చేద్దామన్నాను, అంటే మూసేసిన ఫైలును మళ్ళీ తెరవడం. కనీసం తప్పు ఎక్కడ జరిగిందో రికార్డులో ఉండాలి కదా అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టాడు.

“ఇప్పుడు తెరిచి ఏం చేస్తావప్పా? పోయిన మనిషి వస్తాడా? గడువు లోపల డిస్పోజ్ అయినాది. మళ్ళీ తెరిస్తే మన పెండింగులో పడతాది. పైనుంచి అడిగితే జవాబు చెప్పేది నువ్వా నేనా?”

“గిస్ట్ తప్పు రాసినా సార్.”

“తప్పేముంది అందులో? ఆమె నెల అడిగినాది, నువ్వు నెల అని రాసినావు. ఒక్క అక్షరం తప్పు లేదు.”

నిజమే. ఒక్క అక్షరం తప్పు లేదు. నేను చేసిన పనికి నన్ను పట్టుకోవడానికి ఏ రూలూ లేదు. ఆరు నెలల తర్వాత గణతంత్ర దినోత్సవం రోజున నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు, అర్జీలు వేగంగా పరిష్కరించడంలో చూపిన ప్రతిభకు. ఆ పరిష్కారమైన వాటిలో రూతమ్మది కూడా ఒకటి. ఆ పత్రాన్ని ఇంటికి తెచ్చి మంచం కింద ట్రంకుపెట్టెలో పడేశాను. మా ఆవిడ గోడకు తగిలిద్దామంది. వద్దన్నాను. ఎందుకని అడిగింది. ఆమెకు మాత్రం అన్నీ చెప్పాను, ఏదీ తగ్గించకుండా.

ఈ వృత్తి గురించి తెలుసుకోవాలనుకునే వాళ్ళు నన్ను ఒక మాట అడుగుతుంటారు, క్లుప్తంగా రాయడం ఎలా అని. నాకు తెలిసింది చెప్తాను. మహారాజశ్రీలు తీసేయండి, దివ్యసముఖాలు తీసేయండి, చెప్పిందే మళ్ళీ చెప్పిన చోట ఒకటి తీసేయండి. ఎవరికీ నష్టం లేదు. కానీ మనిషి ఒక మాట దగ్గర ఆగి, అది ఉందా అని అడిగితే, మీ గడి ఎంత చిన్నదైనా ఆ మాటను ముట్టుకోకండి. తక్కినదంతా తీసేసి అయినా దాన్ని ఉంచండి. అవసరమైనదేదో, కానిదేదో నాకంటే ఎక్కువ ఆ అర్జీ తెచ్చిన వాళ్ళకు తెలుస్తుంది. నేను కొలిచింది నా చేతికి ఎంత పని తగ్గుతుందో అది మాత్రమే. దానికి సారాంశమని పేరు పెట్టుకున్నాను.

గోడ మీది కాగితంలో నాలుగో ప్రశ్న నా చేత్తో రాశాను. ఎందుకు? మిగతా ఆపరేటర్లు చూసి ఊరుకున్నారు. గడి పెరగలేదు కదా, వాళ్ళేం చేస్తారు. అబద్ధం ఎందుకు, మెట్ల దాకా వరుస ఉన్న సోమవారాల్లో నేనూ ఆ నాలుగో ప్రశ్నను దాటేసిన సందర్భాలు ఉన్నాయి. ఆ రోజు ఇంటికి పోయాక అన్నం సయించదు. అయినా దాటేస్తాను.

ఏడాది దాటాక రూతమ్మ మళ్ళీ నా కౌంటర్‌కు వచ్చింది. వేరే కౌంటర్లు రెండు ఖాళీగా ఉన్నాయి. నన్ను గుర్తుపట్టి వచ్చిందో, గుర్తుపట్టక వచ్చిందో చెప్పలేను. ఈసారి నాలుగు పేజీలు లేవు. నోటుపుస్తకంలోంచి చింపిన సగం కాగితం. దాని మీద ఎవరో పిల్లల చేతిరాతతో ఒకటే వాక్యం: ‘నా రేషన్ కార్డు ఆత్మకూరుకు మార్చండి.’ కింద వేలిముద్ర. వందనాలు లేవు, విన్నపము లేదు.

“ఊరిడిసి పోతాండావా అమ్మా?” అన్నాను.

“ఊఁ.”

“ఎందుకమ్మా?”

ఆమె తలెత్తి నా వైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో. ఉంటే బాగుండేదనిపించింది.

“అది మీకెందుకు సారూ? కార్డు మార్చేదానికి అది అక్కర్లేదు కదా.”

“అక్కర్లేదు గానీ, చెప్పమ్మా. రాస్తా. ఎంతున్నా రాస్తా.”

“వద్దులే సారూ. నెంబరేసి ఇయ్యి, బస్సుకు టైమైతాది.”

నంబరు వేసి రసీదు ఇచ్చాను. ఏం రాశావో చదవమని ఈసారి ఆమె అడగలేదు. ఆమె వెళ్ళిపోయాక ఆ సగం కాగితాన్ని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. అందులో నేను తీసేయడానికి ఒక్క మాట కూడా లేదు.